మహలఖాబాయి చందా

మదనపల్లె సీమలోని గుర్రంకొండను చూడబోవువారు కొండమీది దుర్గమును చూచి, దిగువనున్న రంగీన్ మహలు కడకు వత్తురు. రంగీన్ అనునది పారసీకపదము; రంగులు గలది యని దాని యర్థము. మహలు అరబ్బీ మాట, పారసీకముతోబాటు మనకు వచ్చినది. ఆ ప్రాంతపు రైతు ఈ రెండు మాటలను తన తాతలనాటి తెలుగే యనుకొని పలుకును. అట్లు పలుకుటలో తప్పేమియు లేదు. ఈ దుర్గము విజయనగర ప్రభువుల కాలమునుండి కడప నవాబులకు, వారినుండి మహారాష్ట్రులకు, మైసూరువారికి చేతులు మారినది. 1791వ సంవత్సరమున నిజాము సేనలు, కెప్టెన్ రీడ్ అను నాంగ్లేయుని సాహాయ్యముతో, దీనిని ముట్టడించి దిగువకోటను పట్టుకొనెను. 1799 మే నెలలో శ్రీరంగపట్టణము కూలి టిప్పుసుల్తాను మరణించిన పిమ్మట జరిగిన పంపకములో గుత్తితోబాటు గుర్రంకొండయు నిజాము వంతునకు వచ్చెను. ఏడాది దాటి కొన్ని నెలలకే, 1800 అక్టోబరులో, ఆయన దానిని దత్తమండలములలో చేర్చి కుంపినీవారికి ధారపోసెను. ఈ కథ మనవారు బళ్లలో చదువుకొనినదే.

బళ్లలో చదువని కథ యొకటి కలదు. అదే 1799వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన హైదరాబాదులో మీర్ ఆలము అను ప్రభువు మందిరమున నృత్యగానసభ జరిగెను. టిప్పుపై నడచిన నిజాము దండునకు నాయకుడు ఈ మీర్ ఆలమే. సభకు వచ్చిన అతిథులలో కెప్టెన్ జాన్ మాల్కము ఒకడు. ఆ యుద్ధములో నిజాము సేనతో కూడ నడచిన కుంపినీ యుద్యోగి. గుర్రంకొండ యెవరికి చెందవలెనో నిర్ణయించిన యుద్ధమున పాల్గొన్న యీ యిరువురియెదుట ఆనాడు ఆడి పాడినది ముప్పదియొకటేండ్ల యువతి. నృత్యము నడుమనే యామె తాను రచించిన గజళ్ల సంపుటము నొకదానిని తెచ్చి మాల్కమునకు కానుకగా నిచ్చెను. ఆ వ్రాతప్రతి నేడును లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగ నున్నది. ఆ యువతియే మహలఖాబాయి చందా. ఈమె జీవితమును గూర్చి నేడు కొంత విపులముగ ముచ్చటింప దలచితిమి.

ఇందులకు కారణము కలదు. హిందూస్థానీ గానమును గూర్చి మనలో రెండు మాటలు తరచుగ వినవచ్చుచున్నవి. అది తురకల గానము, మన శాస్త్రమునకు దూరమైనదని కొందఱు పెదవి విఱుతురు. అందులోని సొగసంతయు ఇరానుదేశమునుండియే వచ్చినదనియు, ఇచ్చటిది కేవలము ముడిసరకనియు మరికొందఱు గర్వింతురు. రెండును తెలియక యనుమాటలే. పారసీక విద్యయు భారతీయ విద్యయు ఏ రీతిగ, ఎవరి చేతులలో, ఎంత శ్రమచే నొకదానిలో నొకటి కలసిపోయెనో చూడవలెనన్న మహలఖాబాయి యింటిని, ఆమె గురువు గ్రంథమును చూచిన చాలును. దానికై ఢిల్లీకో ఇస్ఫహానుకో పోనక్కఱలేదు.

ఆమె 1768లో జన్మించెను. పుట్టుకనాటి పేరు చందాబీబీ. తల్లి రాజ్‌కున్వర్. ఈ కుటుంబపు పూర్వకథ మిక్కిలి దీనమైనది. వారు గుజరాతు ప్రాంతమువారు. ఇంటి పెద్ద కొలువులో చిక్కులబడి యిల్లు విడువగా దిక్కులేనివారైన తల్లియు ఆడుబిడ్డలును రాజపుత్రస్థానమున ఆటపాటలతో జీవించు భగతియాల మేళము నాశ్రయించిరి. ఆ మేళములోనే బిడ్డలు ఆటయు పాటయు నేర్చిరి. పిమ్మట దండుల వెంబడి దక్షిణమునకు నడచి బురహానుపురమునకు, అటనుండి ఔరంగాబాదునకు, తుదకు హైదరాబాదునకు చేరిరి. ఆ కాలమున దండు కదలిన దానివెంట అంగడి కదలును, అంగడివెంట మేళము కదలును. ఉత్తరదేశపు గానము దక్కనునకు వచ్చిన త్రోవ యెక్కువగ నిట్టిది. రాజులు పల్లకులనంపి రప్పించిన విద్వాంసులు కొందఱే. ఆకలిచే కాలినడకను వచ్చినవారు పెక్కురు.

రాజ్‌కున్వర్ బంధువు మెహతాబ్ అను నామెకు నిజాము మంత్రియగు రుక్నుద్దౌలా యింట గౌరవస్థానము లభించెను. ఆమెకు సంతతి లేదు, చందాను పెంచుకొనెను. ఈ విధముగ మేళములో పుట్టవలసిన పిల్ల మంత్రి యింట పెరిగెను. రుక్నుద్దౌలా 1775లో హత్యకు గురియయ్యెను. అప్పటికి చందా యేడేండ్ల బాలిక. ఇల్లు మారినను చదువు చెడలేదు. పారసీకము, ఉరుదూ, కవిత్వము, గానము, నృత్యములతోబాటు గుఱ్ఱపుస్వారియు విలువిద్యయు నేర్చెను. తాను పండితురాలైన పిమ్మట సొంత గ్రంథాలయమును నెలకొల్పి, మాహ్‌నామా యను పారసీక చరిత్రగ్రంథమును వ్రాయించెను.

గానమునందు ఆమె గురువు ఖుషాల్‌ఖాను. అనూప్ అనునది ఆయన కవితానామము. ఈయన ఢిల్లీ కలావంతుల పరంపరలోనివాడు. చదువరులు మాటను చూచి పొరబడకుందురు గాక! మన ఆంధ్రదేశమున కళావంతులనగా ఆటపాటలు వృత్తిగాగల యొక కులము; ఢిల్లీ దర్బారులో కలావంతులనగా తాన్‌సేను వంశముతో సంబంధము చెప్పుకొనుచు ధ్రుపదమును పాడు పురుషగాయకులు. సంస్కృతపదమొక్కటే, ఉత్తరమున నొక యర్థము, దక్షిణమున నొక యర్థము. మొగలు సామ్రాజ్యము శిథిలమైన కొలది ఈ గాయకులు పొట్ట చేతబట్టుకొని లక్నోకు, దక్కనునకు వలస వచ్చిరి. వచ్చుచు తమతో తెచ్చినది కంఠస్థమైన విద్య మాత్రమే కాదు. పుస్తకములను గూడ తెచ్చిరి. అందొక పుస్తకమును గూర్చి వివరముగ చెప్పవలసియున్నది. ఏలయన ఈ వ్యాసమునకు ప్రాణమందే యున్నది.

ఔరంగజేబు కాలమున తాన్‌సేను పరంపరలోని రస్‌బరస్ ఖాను అను కలావంతుడు 1698లో శంసుల్ అస్వాత్ అను పారసీక సంగీతగ్రంథమును వ్రాసెను. స్వరములకు సూర్యునివంటిదని ఆ పేరున కర్థము. ఔరంగజేబు సంగీతమును నేలలో పాతిపెట్టించెనను కథ నందఱును విన్నవారమే. ఆయన తన సభలో గానమును మానిపించిన మాట నిజమే. కాని ఆయన యేలుబడిలోనే ఫకీరుల్లా యను ప్రభువు 1666లో గ్వాలియరు మానసింహుని సంగీతగ్రంథమును పారసీకమున రాగదర్పణ మను పేర వెలయించెను. ఈ రస్‌బరస్ ఖాను గ్రంథమును ఆ కాలముననే పుట్టెను. పాదుషా వినకున్నను దేశము వినుచునే యుండెను.

ఇక శంసుల్ అస్వాత్ అనునది స్వతంత్రరచన కాదు. దామోదర పండితుని సంగీతదర్పణమునకు పారసీకరూపము. ఆ సంగీతదర్పణమో, స్వరభాగమున శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమును మిక్కిలిగ నాశ్రయించి వ్రాయబడినది. శార్ఙ్గదేవుడు ఎచ్చటివాడు? దేవగిరి యాదవరాజైన సింఘణుని కొలువువాడు, పదమూడవ శతాబ్దివాడు. దేవగిరియనగా ఔరంగాబాదు చెంతనున్న దౌలతాబాదే. చందా తల్లి మేళముతో వచ్చి విడిసిన ఔరంగాబాదు ఆ కొండకు కూతవేటు దూరముననే యున్నదన్నను అతిశయోక్తి కానేరదు. ఇపుడు చదువరులీ త్రోవను చూతురు గాక. దక్కనులోని దేవగిరియందు సంస్కృతమున పుట్టిన శాస్త్రము నాలుగు శతాబ్దులు గడచిన పిమ్మట దామోదరుని చేతబడెను; అతని గ్రంథము ఢిల్లీ గాయకుని చేతిలో పారసీకమయ్యెను; ఆ గాయకుల సంతతివారితో తిరిగి దక్కనునకు దిగి, హైదరాబాదు చేరెను. అచ్చట ఖుషాల్‌ఖాను అనూప్ 1800 ప్రాంతమున దానిని హిందూవీ పద్యములలోనికి మార్చి రాగదర్శన మని పేరిడెను. ఆ గ్రంథమున కాశ్రయమిచ్చినవాడు రావు రంభా; నిజాము కొలువులో దండునాయకుడైన మహారాష్ట్రుడు. సంస్కృతమున బ్రాహ్మణుడు వ్రాసినది, పారసీకమున మహమ్మదీయ గాయకుడు తిరిగి చెప్పినది, దేశభాషలో మరియొక మహమ్మదీయుడు పాడుకొనుటకు వీలుగ దిద్దినది, హిందూప్రభువు పోషించినది. ఇందులో స్వదేశీ యెంత, విదేశీ యెంత యని త్రాసులో తూచి చెప్పగలవారెవరు?

రాగదర్శనమునకు 1804 నాటి సచిత్రప్రతి యొకటి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున నున్నది. రాగములను స్త్రీపురుషరూపములతో ధ్యానించు మన రాగమాలా పద్ధతియే అందు చిత్రింపబడినది. ఆరు పురుషరాగములు, ఒక్కొక్కదానికి అయిదేసి రాగిణులు, వానికి ఋతువులు, పగటిరేయి వేళలు. ఇవియెల్ల సంగీతదర్పణములోనివే. ఖుషాల్‌ఖాను తరువాత కూర్చిన మరియొక గ్రంథమునకు రాగరాగిణి రోజ్ ఓ షబ్ అని పేరు. ఆ పేరును చూడుడు! మొదటి రెండు మాటలు సంస్కృతమునుండి వచ్చినవి, రోజ్ ఓ షబ్ అనగా పగలు రేయి యను పారసీకము. నడుమ నతుకు కానరాదు.

ఈ యతుకులేని కలయిక యొకనాట నైనది కాదు. అమీర్ ఖుస్రో 1325లో మరణించెను. సితారును, ఖయాలును, తబలాను అన్నిటిని ఆయన తలకే చుట్టుట లోకమునకు వాడుకయైపోయినది. ఆయన పారసీక మహాకవి, హిందూస్థానమును మనసార మెచ్చుకొనిన పుణ్యాత్ముడు. కాని ఆ వాద్యములన్నియు ఆయన యొక్కడే చేసెననుటకు ఆధారము చాలదు. సితారను పేరు మాత్రము పారసీకమే. సెహ్‌తార్ అనగా మూడు తీగెలు గలది. సంగీతరత్నాకరముననే తురుష్కతోడి, తురుష్కగౌడ యను పేరులు కానవచ్చుచున్నవి. అక్బరు కాలమువాడైన పుండరీక విట్ఠలుడు కర్ణాటదేశీయుడు. తన రాగమంజరిలో పారసీక రాగములను పరదేశీయములని పేర్కొని, వానికి మన రాగములతో సామ్యమును చూపెను. హుసేని, ఇరాఖు మున్నగునవి అందున్నవి. హుసేని యిపుడు మనకు పరదేశీయమా? క్షేత్రయ్య పదములను హుసేనిలో విని కంటతడిపెట్టు గృహిణి ఆ పేరెక్కడిదని యడుగునా? అంతయేల, పెండ్లిపందిటిలో సన్నాయి మ్రోగనిదే మనకు శుభము గడవదు. ఆ సన్నాయి పేరు పారసీకుల షహనాయియే. గుడిలో మ్రోగు నగారా పేరు అరబ్బులది. దేవుడు వినుచున్నాడు, మనమును వినుచున్నాము.

మహలఖాబాయి జీవితమునకు మరలుదము. యౌవనమున ఆమె నిజాము అలీఖాను ఆదరణకు పాత్రురాలై, పురుషవేషమున గుఱ్ఱమెక్కి ఆయనతో దండుయాత్రలకు పోయెను. కౌలాసు, నిర్మల, పానగల్లు యాత్రలలో ఆమె యుండెనని ఆమె చరిత్రను వ్రాసినవారు చెప్పుదురు. మూడవ మైసూరుయుద్ధమున నిజాము విడిదిచేసినది పానగల్లుననే. అచ్చటనుండి పోయిన సేనలే గుర్రంకొండను ముట్టడించినవి. 1791 నవంబరులో దిగువకోట చిక్కెను. మరుసటి నెలలోనే టిప్పు కుమారుడు ఫత్తేహైదరు మెఱుపువలె వచ్చిపడి నిజామువారి సేనానిని చంపెను. పానగల్లు డేరాలలో పాట, గుర్రంకొండ క్రింద నెత్తురు. దొరల విలాసమును సేవకుల చావును ఒకే ఖజానా భరించుచుండిన దినములవి. ఈ మాటను మేము మహలఖాబాయిని నిందించుటకు వ్రాయలేదు. ఆమె కళ నిలిచిన నేల యెట్టిదో మఱువరాదని వ్రాసితిమి.

నిజాము ఆమెకు మహలఖా యను బిరుదు నిచ్చెను. మాహ్ అనగా చంద్రుడు, లఖా యనగా ముఖము, చంద్రముఖి యన్నమాట. ఆమె కవితానామమైన చందా యనునదియు చంద్రుడే. అనగా పుట్టుపేరు దేశభాషలో, బిరుదు పారసీకమున, రెండును నొకే యర్థము. జాగీరులు, నౌబతు గౌరవము, వెంట నడచు సైనికులు, ప్రభువర్గములో స్థానము ఆమెకు లభించెను. హైదర్‌గూడ, చందాపేట, అడిక్‌మెట్టు మున్నగు తావులు ఆమెవి. రాజకార్యములందును ఆమె యాలోచన నడుగుచుండిరట. ఆమె పెండ్లాడలేదు. పెద్ద కుటుంబములలోని స్త్రీలకు పరదా, పేదయింటి స్త్రీలకు కూలి తప్ప వేరుగతి లేని ఆ దినములలో సొంత పేరున భూమి గల, సొంత ముద్ర గల స్త్రీ యొకతె యుండెనన్న, అది పాటవలన గలిగినదే. మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. జాగీరు ఆదాయమనగా రైతు చెల్లించిన శిస్తేయని వారికి మేము చెప్పనక్కఱలేదు. తెలంగాణపు చెరువుక్రింద మడి దున్నినవాడు ఆ గజళ్లను వినియుండడు. వాని పంటలోని పాలు మాత్రము వానిని పోషించినది.

ఆమె పాడినది యేమి? ధ్రుపదము, ఖయాలు, టప్పా, వీనితోబాటు గజలు. టప్పా పంజాబు ఒంటెలవాండ్ర పాటలనుండి వచ్చినదందురు. లక్నోలో షోరీమియా దానికి మెఱుగుపెట్టెను. గజలు విషయము వేరు. అది యరబ్బులయొద్ద పుట్టి పారసీకుల చేతిలో పండిన కవితారూపము. రెండు రెండు పాదముల ద్విపదలు. ప్రతి ద్విపదకును తనదైన యర్థము. తుదలలో ఖాఫియా యను అంత్యప్రాస, దానివెంట రదీఫు అను మాటిమాటికి వచ్చు పదము. కడపటి ద్విపదలో కవి పేరు. దాని ఛందస్సు అరూజు. ఆంగ్లపద్యమువలె అది ఊనికచే నడచునది గాదు. మన గురులఘువులవలె దీర్ఘహ్రస్వముల లెక్కచే నడచును. కావున మన దేశపు తాళములో గజలును నిలుపుట గాయకునకు కష్టము కాలేదు. అక్షరకాలము రెండుచోట్లను నొకటియే గదా! పారసీక కవితకు భారతీయ రాగతాళములతో ఇంత సులభముగ పొత్తు కుదురుటకు ఈ ఛందస్సామ్యము ముఖ్యకారణములలో నొకటియని మా యభిప్రాయము. రాగమేమో ఒక్క భావమును పట్టుకొని పెంచుచు పోవును. గజలు ద్విపదకొక భావమునకు దుముకును. ఈ రెంటికి గల విరోధమును తీర్చునది గాయని కంఠమే. ఒకే రాగచ్ఛాయలో అయిదు భావములను నడపవలెను. మాటకు మాట చెదరుచుండ రాగము చెదరరాదు. పారసీకుల దస్త్‌గాహ్ పద్ధతిలోను గజలును పాడుదురు. కాని అచ్చట గానము తాళమును వీడి మాటల నడకవెంట పోవుట మిక్కిలిగ గలదు. ఇచ్చట మాటయు తబలాకు లొంగి రావలెను. కలయిక యన్న నిట్టిది. ఒకరి సొత్తును మరొకరు ఎత్తుకొనిపోవుట గాదు, ఇరువురును కొంత యొదిగియుండుట.

మహలఖాబాయి దివానులో 125 గజళ్లు, ఒక్కొక్కట అయిదేసి ద్విపదలు. ప్రతి గజలును తుదిలో హజరతు అలీని స్మరించి ముగియును. ప్రేమకవితయై ఆరంభించి భక్తియందు తేలును. ఉరుదూలో దివానును పూర్తిచేసిన మొదటి స్త్రీ యీమెయేయని చాలకాలము చెప్పుకొనిరి; లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అను మరియొక దక్కను కవయిత్రి దివాను కొంచెము ముందుదని పండితులు తరువాత చూపిరి. ఇద్దఱును దక్కనువారే కావున మన కందు నష్టమేమియు లేదు.

మీర్ ఆలమును గూర్చి రెండు మాటలు. ఆయన తండ్రి ఇరానులోని షుస్తరు నగరమునుండి హైదరాబాదునకు వచ్చినవాడు. ఆయన బంధువగు అబ్దుల్ లతీఫ్ షుస్తరీ యనువాడు హిందూస్థానమును తిరిగి చూచి తుహ్ఫతుల్ ఆలమ్ అను గ్రంథమును వ్రాసెను. ఇచ్చటి మహమ్మదీయులు హిందూ ఆచారములను మిక్కిలిగ నలవరచుకొనిరని అందు తప్పుపట్టెను. చూచితిరా! ఇరానునుండి వచ్చినవానికి మన కలయిక అపచారముగ దోచెను. ఆయన బంధువైన మీర్ ఆలమో, ఇచ్చటనే పెరిగినవాడగుటచే మహలఖాబాయి పాటకు దాసోహమనెను. పారసీకమున ఆమెను ప్రశంసించుచు కవిత్వమును వ్రాసెను. 1804 నుండి 1808లో మరణించువరకు ఆయన నిజామునకు దివాను. హైదరాబాదువారు మీర్ ఆలం చెఱువును చూచినపుడెల్ల ఆయన పేరును తలంతురు.

1799 నాటి సభను మరల తలచుకొనిన, మాకొక విశేషము తోచుచున్నది. ఆ గ్రంథమును చేకొనిన మాల్కము కొన్ని వారములలోనే కుంపినీ రాయబారియై పారసీకదేశమునకు ఓడయెక్కెను. పిమ్మట 1815లో పారసీకదేశ చరిత్రను ప్రకటించెను. 1827లో బొంబాయికి గవర్నరయ్యెను. గుర్రంకొండయో మరుసటి యేడే కుంపినీవారిదయ్యెను. కానుక యిచ్చిన గాయనికి రాబోవు ప్రభువులెవరో తెలిసియే యుండును. దానిని కేవలము సౌజన్యమని మేమనుకొనము; రాజకీయము నెరిగిన కళాకారిణి రాజకీయముగ నిచ్చిన కానుక యది. రుక్నుద్దౌలా పోగా అరస్తూజా, ఆయన పోగా మీర్ ఆలము, పిమ్మట చందూలాలు. ఆశ్రయమిచ్చు చేయి మారినపుడెల్ల మేళము నిలువవలెనన్న ముందుచూపు వలయును. పుస్తకము లండను చేరుటచే నేడు మిగిలినదన్న మాటయు నిజమే. మన గ్రంథములు మన యింట చెదలకును, పరుల యింట అద్దపుబీరువాలకును చిక్కుట మనకు క్రొత్తది కాదు.

భోగపువృత్తి స్త్రీని పత్రికలో పొగడుట యేలయని యడుగువారుందురు. ఆ ప్రశ్న మనకు పాతదే. తంజావూరు ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను; బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పూర్ణముగ అచ్చొత్తింపగా పరదేశ ప్రభుత్వము నిషేధించెను, మన పెద్దలు కొందఱు వంత పాడిరి. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రియైన పిమ్మటగాని ఆ నిషేధము తొలగలేదు. ఆ నాగరత్నమ్మయే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయమును కట్టించినది. విద్య యెవరి యింట నిలిచినదో వారియందే మనము తప్పులెంచితిమి; వారు విద్యను విడువగానే, అయ్యో విద్య పోయెనని వగచితిమి. ముద్దుపళని తెలుగున చేసినదానిని మహలఖాబాయి ఉరుదూలో చేసెను. ఒకతెను మనదని, మరియొకతెను పరులదని యెంచుటకు భాష తప్ప వేరు కారణము లేదు. ఆ భాషయో తెలుగునేలమీదనే పెరిగినది.

చందూలాలు ఖత్రీ కులస్థుడు. 1806 నుండి 1843 వరకు రాజ్యమును నడపినవాడు. షాదాన్ అను పేర ఉరుదూ కవిత వ్రాసెను. ఆయన యింటను ఖయాలు, గజళ్లు మ్రోగినవి. ఆ దినములలో మహలఖాబాయి వయసు మీరి, బాలికలకు విద్య నేర్పుటయందు కాలము గడపెను. కొత్తగ వచ్చిన గాయకులకు ఆమె మందిరము విడిది. గురువు నేర్పిన రాగములు శిష్యురాండ్రలో నడచుట చూచినదనుకొన్న, ఆ వృద్ధాప్యమునకు కొరతేమి?

హైదరాబాదునకు ఈశాన్యమున మౌలాఅలీ కొండ కలదు. చందా గర్భమందుండగా తల్లి ఆ కొండకు మ్రొక్కుకొని యాపదనుండి గట్టెక్కెనని కుటుంబమున చెప్పుకొనుచుండిరి. తల్లి మరణింపగా ఆ కొండ దిగువనే 1792లో మహలఖాబాయి సమాధిమందిరమును కట్టించెను. తోట, నీటిహౌజు, వచ్చినవారు విశ్రమించుటకు మండపము. ఏటేట రజబు మాసమున జరుగు మౌలాఅలీ యుత్సవమునకు నగరమంతయు తరలివచ్చుచుండెను, హిందువులును వచ్చుచుండిరి. యాత్రికులకు ఆమె వసతి కల్పించెను. 1824లో మహలఖాబాయి మరణించి తల్లి ప్రక్కనే ఆ తోటలో విశ్రమించెను. ఆమె గజళ్లలో కొన్ని గుల్జారె మహలఖా యను పేర ఆ యేటనే వెలువడినవి.

ఆమె పిమ్మట తోట యెండిపోయినది, గోడలు నెఱ్ఱెవాసినవి. 2010-11లో అమెరికా ప్రభుత్వపు ధనసాహాయ్యముతో ఆ సమాధిని బాగుచేసిరి. మన నగరపు గాయని గోరీకి సున్నము వేయుటకు సముద్రము దాటి సొమ్ము రావలసివచ్చినదన్న చింత మాకు లేకపోలేదు. ఇక అడిక్‌మెట్టు భూమియో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములో కలసిపోయినది. ప్రక్కనే యున్న ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయపు ఆవరణములో ఆమె పేర మెట్లబావి యొకటి యున్నది. పారసీకమును నేర్చుకొను విద్యార్థులు, సంగీతశాస్త్రముపై పరిశోధన చేయు విద్యార్థినులు ఆ నేలమీదనే దినదినము నడచుచున్నారు.